రెండుసార్లు తట్టి, ఆగి, ఒకసారి

యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఉదయం తొమ్మిదిన్నరకే మూడు మిషన్లూ ఆగిపోయాయి. కత్తిరింపు బల్ల మీద ముదురు నీలం గుడ్డ సగం కోసి వదిలేసి ఉంది. దుకాణం నడిపే టైలరమ్మ మెడలో టేపు వేసుకుని, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఆపరేటరమ్మను కొరకొరా చూస్తోంది.

ఆపరేటరమ్మకు అరవై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఊరివాళ్ళ మాటలన్నీ కలిపింది, విడదీసింది. ఎవరి గుట్టు ఎంత చెవిన పడినా బోర్డు దగ్గరే వదిలేసి ఇంటికి పోవాలన్నది అక్కడి కట్టుబాటు. ఎక్స్ఛేంజీ మూతపడ్డాక డిటెక్టివ్ అయింది గానీ ఆ కట్టుబాటు ఆమెను వదల్లేదు. ఇప్పటికీ ఆమె నోట్‌బుక్కులో ఎవరి పేరూ ఉండదు. వాళ్ళు చేసే పని రాసుకుంటుంది, అంతే.

“నిన్న పది గంటల పన్నెండు నిమిషాలకి ఎక్కడున్నావమ్మా?” అని అడిగింది.

“ఇక్కడే. వాచ్‌మెన్ల చొక్కాలు నలభై ఉంటే కాలర్లు తిప్పి కుడుతున్నా. పనివాళ్ళిద్దరూ చూశారు. అయినా అక్కయ్యగారూ, మీరు కూడా నన్ను అడగాల్సి వచ్చిందా?”

“అడగనివాళ్ళు మనసులో పెట్టుకుని అనుమానిస్తారు. నేను మొహం మీదే అడుగుతున్నా. ఆ తట్టు సంగతి ఎవరికైనా చెప్పావా?”

“నా కడుపున పుట్టినవాళ్ళకి కూడా చెప్పలేదు.”

ఆ తట్టే ఇప్పుడు కొంపలంటించింది. టైలరమ్మ చెల్లెలు కళ్ళద్దాల షాపులో అద్దాలు సానబట్టే పని చేస్తుంది. మొగుడు పెట్టే బాధలు పడలేక ఏడాదిన్నర కిందట కట్టుబట్టలతో బయటికి వచ్చింది. అతను ఆమె దరిదాపులకు రాకూడదని కోర్టు చెప్పింది. చెప్పినా రెండు ఇళ్ళు కనిపెట్టి వచ్చి పడ్డాడు. మూడో ఇల్లు ఆపరేటరమ్మే వెతికి, ఒక నియమం పెట్టింది. బెల్ మోగితే తలుపు తీయకూడదు. ఎవరైనా రెండుసార్లు తట్టి, ఆగి, ఒకసారి తడితేనే తీయాలి. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. చెల్లెలికి, అక్కకి, ఆపరేటరమ్మకి.

నిన్న పది పన్నెండుకి ఎవరో సరిగ్గా అలాగే తట్టారు. చెల్లెలు గొలుసు ఉంచి తలుపు తీసింది. చేతితొడుగు వేసుకున్న చెయ్యొకటి సందులోంచి దూరి ఆమె మణికట్టు ఒడిసిపట్టుకుంది. ఆమె ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తలుపు మూసింది. చెయ్యి నలిగింది, మనిషి మెట్లు దిగి పారిపోయాడు. మొగుడు మాత్రం ఆ సమయానికి తన ఆఫీసులో పదిమంది ముందు మీటింగులో ఉన్నాడు. చెయ్యి ఎవడిదైతేనేం, దాన్ని పంపింది అతనేనని అందరికీ తెలుసు. అతనికి తట్టు ఎవరు చెప్పారన్నదే తేలడం లేదు.

“నిన్న సాయంత్రం అది ఫోన్లో ఏమన్నదో తెలుసా?” అంది టైలరమ్మ. “‘అక్కా, నువ్వు పొరపాటున ఎవరితోనైనా అన్నావా’ అంది. పొరపాటునట. దానికి జడలేసి బడికి పంపిన చేతులివి. వాడు దాని చెయ్యి పట్టుకుంటే, అది నా గొంతు పట్టుకుంది.”

చెల్లెలికి ఈ లోకంలో మిగిలింది ఈ అక్క ఒక్కతే. ఆ నమ్మకం కూడా ఊడిపోతే, మొగుడు వేలు కదపకుండానే గెలిచినట్టు.

అప్పుడే దుకాణం బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు చేతిలో రెండు కాగితాలతో లోపలికి వచ్చాడు. నలభై దాటని మనిషి, బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి, మాట అంతకన్నా నునుపు.

“ఆపరేటరమ్మగారు మనకన్నా ముందే వచ్చేశారే. మంచిది. ఏమ్మా, మీ మరిది మూడు వారాల కిందట మీకు ఫోన్ చేశాడు. పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో?”

“మాట్లాడుకోవడం కాదు, తిట్టాను,” అంది టైలరమ్మ. “పదకొండు నిమిషాలూ తిట్టాను. ఊపిరి తీసుకోవడానికి రెండుసార్లు ఆగాను, ఆ కాగితంలో అది కూడా రాసుందేమో చూసుకోండి.”

ఆపరేటరమ్మ చెయ్యి చాచింది. “ఆ కాగితం ఎలా వచ్చింది ఇన్‌స్పెక్టరుగారూ? కోర్టు ఉత్తర్వు ఉందా?”

“ఫోన్ కంపెనీలో మనవాడొకడున్నాడు. ఒక్క కాల్ కొడితే అరగంటలో పంపాడు. దాచుకోవాల్సిందేమీ లేనివాళ్ళకి భయమెందుకండీ?”

“మీ చొక్కా జేబులో మాత్రల పట్టీ ఉంది,” అంది ఆపరేటరమ్మ మెల్లగా. “సగం బయటికి కనబడుతోంది. నాకు చత్వారమైనా పెద్దక్షరాలు చదవగలను. పైకి చదవమంటారా?”

ఇన్‌స్పెక్టరు చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్ళింది. మిషన్ల వెనకాల పనివాళ్ళిద్దరూ తల వంచుకుని దారం ఎక్కిస్తున్నట్టు నటించారు.

“అందులో నేరమేమీ లేదు కదా. అయినా చెయ్యి అడ్డుపెట్టారు. ఈవిడా అంతే, ఈవిడ చెల్లెలూ అంతే.”

ఆయన మొహం గంటుపెట్టుకున్నాడు. “వేదాంతం తర్వాత. తట్టు తెలిసినవాళ్ళు ముగ్గురు. బాధితురాలు చెప్పుకోదు. మీరు చెప్పలేదంటున్నారు. ఇక మిగిలింది ఒక్కరు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, నాకు ఒంటిగంట దాకా టైము చాలు. ఒంటిగంటకి ఈవిడని స్టేషన్‌కి తీసుకెళ్తున్నా. ఈలోగా ఆ చెల్లెలు ఇప్పుడెక్కడుందో చెప్పండి, స్టేట్‌మెంట్ మళ్ళీ తీసుకోవాలి.”

“చెప్పను.”

“నేను పోలీసునండీ.”

“అందుకే చెప్పను. మీకు చెప్తే మీ రైటరు కంప్యూటర్లో ఎక్కిస్తాడు. ఫోన్ కంపెనీలో మీకో మనిషి ఉన్నట్టే, మీ స్టేషన్లో ఇంకెవరికో ఒక మనిషి ఉండకపోడు. ఆమె స్టేట్‌మెంట్ కావాలంటే నేనే తీసుకొస్తా.” ఆపరేటరమ్మ గొడుగు అందుకుని లేచింది. “ఒంటిగంట అన్నారు కదా. ఆ మాట మీద ఉండండి.”

పదీ యాభైకి ఆమె మూడో అంతస్తులో, ఖాళీగా ఉన్న ఆ ఇంటి తలుపు ముందు నిలబడింది. లిఫ్టు లేదు. ఎక్కేసరికి మోకాళ్ళు రెండూ తిట్టుకున్నాయి. బెల్ మీటకు అడ్డంగా అంటించిన టేపు అలాగే ఉంది. గొలుసు బిగించిన చోట చెక్క పెచ్చు లేచింది. తలుపు అంచున, నడుము ఎత్తులో, నల్లటి తోలు గీరుకున్న మరక. ఇవన్నీ పోలీసులు ఫొటోలు తీసుకున్నవే.

ఆమె చూస్తున్నది వేరు. తలుపుకు కన్ను ఉంది. చెల్లెలు ఎంత తట్టు విన్నా కన్నులోంచి చూడకుండా గడియ తీసే మనిషి కాదు. చూసి మరీ తీసిందంటే, బయట నిలబడినవాణ్ణి చూసి ఆమెకు అనుమానం రాలేదన్నమాట. నిన్నటి స్టేట్‌మెంట్లో ఒక ముక్క ఉంది, దాన్ని ఎవరూ చెవిన వేసుకోలేదు. కన్నులోంచి చూస్తే కాగితం సంచి ఒకటి అడ్డంగా కనబడిందని.

ఏం సంచి? ఆమె గొడుగు కర్రతో తలుపు మీద రెండుసార్లు తట్టి, ఆగి, ఒకసారి తట్టింది. తట్టి చెవి రిక్కించింది.

కింది అంతస్తులో తలుపు తెరుచుకుంది. “ఆ పిల్ల లేదండీ,” అని ఒక గొంతు పైకి వచ్చింది. “మందులైతే నాకిచ్చి వెళ్ళండి, నిన్నటివి కూడా నా దగ్గరే ఉన్నాయి.”

ఆపరేటరమ్మ మోకాళ్ళ నొప్పి మరచిపోయి దిగింది. కింది వాటాలో ఉండేది లెక్కల మాస్టారు. రిటైరై పన్నెండేళ్ళయినా, లెక్క చూసుకోందే ఏ మాటా అనని మనిషి.

“మందులవాళ్ళని ఎలా అనుకున్నారు మాస్టారూ?”

“తట్టుని బట్టి. వాళ్ళంతా అలాగే తడతారుగా.”

“వాళ్ళంతా అంటే?”

“ఎనిమిది నెలల్లో నలుగురు మారారు. ఒక పొడుగాయన, ఒక బట్టతలాయన, ఇద్దరు ఆడవాళ్ళు. ఎవరొచ్చినా అదే తట్టు. ఆ కంపెనీవాళ్ళకి అలా శిక్షణ ఇస్తారేమో అనుకున్నా.”

ఆపరేటరమ్మ నోట్‌బుక్కు తీసింది. ముగ్గురికే తెలిసిన తట్టు, ఈ మెట్ల మీద ఎనిమిది నెలలుగా ఊరందరికీ వినబడుతోంది. తాను నిన్నటి నుంచి ముగ్గుర్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

“నిన్న ఎన్నిసార్లు విన్నారు?”

“రెండు. మొదటిది పదీ పది దాటాక, నేను మడతమంచం సర్దుతున్నా. ఆ వెంటనే తలుపు ధడేలుమంది, ఎవరో దిగి పరిగెత్తారు. రెండోది పదీ నలభైకి. ఆవిడ తట్టి తట్టి, తలుపు తీయకపోతే నాకిచ్చి వెళ్ళింది. అప్పటికింకా పోలీసులు రాలేదు. తర్వాత వచ్చినాయన నన్ను ‘ఏమైనా చూశారా’ అని అడిగాడు. చూడలేదన్నాను. విన్నారా అని అడగలేదు.”

మాస్టారు లోపలి నుంచి కాగితం సంచి తెచ్చి ఇచ్చాడు. అతుకు తీయలేదు. పైన మందుల సంస్థ గుర్తు, దాని కింద అచ్చువేసిన చీటీ. ఆపరేటరమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివింది. ఆర్డరు పెట్టిన సమయం ఉదయం తొమ్మిది ఇరవై. ఉబ్బసానికి పీల్చే మందు రెండు. ఇంటి అడ్రసు, అంతస్తుతో సహా. అన్నిటికన్నా కింద, లావు అక్షరాల్లో ఇలా ఉంది:

సూచన: బెల్ కొట్టవద్దు. రెండుసార్లు తట్టి, ఆగి, ఒకసారి తట్టండి.

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని చెల్లెలికి ఫోన్ చేసింది. నిన్న ఆ పిల్లను తన పాత స్నేహితురాలు, రిటైరైన నర్సు ఇంట్లో దింపినప్పుడు, ఏ క్షణాన పిలిచినా పలకాలి, ఫోన్ మాత్రం ఆపొద్దు అని చెప్పింది.

“తల్లీ, మందులు తెప్పించుకునేచోట సూచన అని ఒక గడి ఉందా?”

“ఉంది. మొదటిసారి వాళ్ళు వచ్చి బెల్ కొట్టారు. నేను తీయలేదు, మందు వెనక్కి పోయింది. ఆ రాత్రంతా ఊపిరాడలేదు. మర్నాడు ఆ గడిలో రాశాను. అయ్యో, నేనే రాశాను అమ్మగారూ. రాసిన సంగతే మరిచిపోయాను. ముందు నుంచీ అక్కనే అంటున్నాను.”

“ఏడవకు, ఊపిరి పడుతుంది. నిన్న మందులు తెప్పించుకుంటున్నట్టు అక్కకి చెప్పావా?”

“లేదు. ఎవరికీ చెప్పలేదు. ఆర్డరు పెట్టి ఎదురు చూస్తున్నా, అందుకే సంచి చూడగానే తీశాను.”

ఆపరేటరమ్మ లేచింది. అసలు మందులు పదీ నలభైకి వచ్చాయి, దొంగ సంచి అరగంట ముందే వచ్చింది. తొమ్మిది ఇరవైకి ఆ పిల్ల ఆర్డరు పెట్టిన సంగతి ఇద్దరికే తెలియాలి, ఆమెకీ మందుల సంస్థకీ. కంచే చేను మేసినట్టుంది.

మందుల సంస్థ ఆఫీసు గాజు తలుపు దాటగానే, బల్ల వెనకాల కూర్చున్న అమ్మాయి ఒక పలక లాంటి యంత్రాన్ని ముందుకు జరిపింది. సమయం పన్నెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

“పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు కొట్టండి మేడమ్. తర్వాత కెమెరా వైపు చూడండి.”

“మేనేజరుతో మాట్లాడటానికి నా ఇల్లెక్కడో ఎందుకమ్మా?”

“రూలండి. అందరూ ఇస్తారు.”

“నీ పేరు, నీ ఇంటి అడ్రసు నాకివ్వు, నేనూ ఇస్తా.”

ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది. ఆపరేటరమ్మకు ఆమె మీద కోపం లేదు. “నువ్వేం చేస్తావులే. నేను ఈ కుర్చీలో కూర్చుంటా. మీ మేనేజర్నే కిందికి రమ్మను. ఆయన రాకపోతే, మీ సంచి మీద అచ్చయిన చీటీ ఇక్కడికి వచ్చేపోయేవాళ్ళందరికీ చదివి వినిపిస్తా. గొంతు బాగానే ఉంది నాకు.”

మేనేజరు నాలుగు నిమిషాల్లో దిగాడు. మెడలో పట్టీ, పెదాల మీద అతికించిన నవ్వు. చెల్లెలు రాసి నర్సు చేత పంపిన కాగితాన్ని ఆపరేటరమ్మ చూపించింది. నా గురించి మీ దగ్గరున్నదంతా నా తరఫున ఈమెకు చూపించండి అని అందులో ఉంది.

“కస్టమర్ల గోప్యత మాకు ప్రాణంతో సమానం మేడమ్,” అన్నాడు మేనేజరు. “ఫారం నింపి పంపితే ముప్పై పనిదినాల్లో జవాబిస్తాం.”

గాజు తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు ఆమె వెనకే మనిషిని పెట్టాడో, జీపులో తానే తిరిగాడో, నేరుగా లోపలికి వచ్చి విషయమేమిటని అడిగాడు. ఆపరేటరమ్మ సంచి చేతికిచ్చింది. ఆయన చీటీ చదివాడు. ఇంకోసారి చదివాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఈ ఖాతా వివరాలు తీయండి,” అన్నాడు మేనేజరుతో.

“రండి సార్, పైన నా గదిలో చూపిస్తాను.”

“బాగుందయ్యా,” అంది ఆపరేటరమ్మ. “గుట్టు ఎవరిదో ఆ మనిషి అడిగితే ముప్పై రోజులు. టోపీ పెట్టుకొచ్చి అడిగితే ముప్పై క్షణాలు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా. పైకి పోదాం పదండి. కానీ తెరిచేముందు ఆమెను అడుగుదాం, ఫోన్లో ఉంటుంది.”

పై గదిలో ఆమె ఫోన్ స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “భద్రత కోసం మూడు ప్రశ్నలండీ. మీరు పుట్టిన తేదీ, మీ అమ్మగారి ఇంటిపేరు, మీ పెళ్ళి రోజు.”

“ఆ మూడూ నా మొగుడికి నాకన్నా బాగా తెలుసు,” అంది చెల్లెలు. “ఎవరి నుంచండీ ఈ భద్రత?”

ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు తిరిగాడు. ఆయన నవ్వాడో, సిగ్గుపడ్డాడో ఆపరేటరమ్మకు కనబడలేదు. మొత్తానికి ఆ పిల్ల జవాబులు చెప్పి, నా ముందే తెరవండి, పైకి చదవండి అంది.

మేనేజరు చదివాడు. పద్నాలుగు ఆర్డర్లు. ప్రతి ఇంటి అడ్రసూ, వదిలేసిన రెండు ఇళ్ళతో సహా. సూచన. ఆ తర్వాత, మందులు తెచ్చేవాళ్ళు ఒకరి కోసం ఒకరు రాసుకున్న మాటలు. ఒంటరిగా ఉంటుంది. గొలుసు ఉంచి తీస్తుంది. ఎక్కువ మాట్లాడదు. పొద్దున పదకొండు లోపల వెళ్తే మంచిది, తర్వాత పనికి పోతుంది.

“ఇవన్నీ నా గురించేనా?” అంది చెల్లెలు. ఆమె గొంతులో వణుకు లేదు, మంట ఉంది.

“చివరి పేజీ కుటుంబ సభ్యులదండీ,” అన్నాడు మేనేజరు. అతికించిన నవ్వు ఎప్పుడో ఊడిపోయింది. “ఇది ఆరేళ్ళ కిందట తెరిచిన కుటుంబ ఖాతా. ఇందులో ఇద్దరున్నారు. మీరు సభ్యురాలు. మీవారు ఖాతా పెద్ద. సభ్యులు ఆర్డరు పెట్టగానే పెద్దకి మెసేజీ పోతుంది. అడ్రసు, సూచన, వచ్చే సమయం అన్నీ.”

“నేను పాస్‌వర్డ్ మార్చాను. రెండుసార్లు మార్చాను.”

“అది మీ పాస్‌వర్డ్ అండీ. ఆయనది ఆయనకుంటుంది.”

అంటే ఎనిమిది నెలలుగా అంతా తెలిసే అతను అదను కోసం కాచుకుని ఉన్నాడు. మూడు ఇళ్ళు మారింది ఆ పిల్ల. పాత నంబరు పారేసింది, ఉద్యోగం మార్చింది, స్నేహితుల పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. ఊపిరి పీల్చుకోవడానికి మందు కావాలి కాబట్టి, డాక్టరు చీటీలన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి, ఆ ఒక్కటీ మార్చలేదు. ఆపరేటరమ్మకు ఒళ్ళు మండిపోయింది. అతని మీద ఎంతో, ఆ పేజీ గీసి, అందులో ‘పెద్ద’ అని రాసి, ఇంటికి పోయి హాయిగా నిద్రపోయినవాళ్ళ మీదా అంతే.

“అయితే అక్క కాదు,” అంది చెల్లెలు.

“కాదమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మాట ఎవరూ అడక్కుండానే ఆయన అన్నాడు. “మీ అక్కగారిని ఎక్కడికీ తీసుకెళ్ళను. ఆవిడకి నేనే చెప్పుకుంటాను.”

“నేనూ చెప్పుకోవాలి,” అంది ఆ పిల్ల.

మేనేజరు తెర మీది నుంచి కళ్ళు తిప్పలేదు. “మేడమ్, ఇవాళ్టి ఆర్డరు కూడా ఇదే మందేనా?”

“ఇవాళ నేనేమీ తెప్పించుకోలేదు,” అంది చెల్లెలు.

ఆపరేటరమ్మ కుర్చీ వెనక్కి జరిపి తెర ముందుకు వచ్చింది. ఆర్డరు పదకొండు నలభైకి పెట్టారు. పెట్టింది ఖాతా పెద్ద. ఎవరికి అన్నచోట సభ్యురాలి పేరు. ఎక్కడికి అన్నచోట అడ్రసు లేదు. ‘ఆమె ఇప్పుడు ఉన్న చోటికి’ అని ఉంది.

“ఇదేమిటి?”

“ఇంట్లో వయసు మళ్ళినవాళ్ళకి మందులు పంపడానికి పెట్టిన సౌకర్యమండీ. సభ్యుల ఫోన్ ఆన్‌లో ఉంటే, ఆ చోటు మా బండి మనిషికి మాత్రమే తెలుస్తుంది. ఆర్డరు పెట్టినాయనకి అడ్రసు చూపించం, అది గోప్యత.” మేనేజరు తెర మూలకి వేలు చూపించాడు. “కానీ బండి ఎక్కడ పోతుందో మ్యాపులో చుక్క కనబడుతుంది.”

ఫోన్ మాత్రం ఆపొద్దు. నిన్న ఆపరేటరమ్మ తన నోటితో తానే చెప్పిన మాట. అతనికి ఇల్లు తెలియక్కర్లేదు. మందుల బండి వెనకాల పోతే చాలు.

తెర మీద ఆకుపచ్చ చుక్క పాకుతోంది. చేరడానికి పద్నాలుగు నిమిషాలు అని దాని పక్కనే రాసి ఉంది. ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోన్లో ఉన్నాడు. “అతని ఆఫీసు దగ్గర పెట్టిన మనవాడు చెబుతున్నాడు. అతను పదకొండు యాభైకే భోజనానికని కారు తీశాడట. ఆర్డరు రద్దు చేయండి. అమ్మాయిని ఇప్పుడే అక్కణ్ణుంచి మార్చేద్దాం.”

మేనేజరు చెయ్యి మీట మీదికి పోయింది.

“నేను మారను,” అంది చెల్లెలు ఫోన్లోంచి. “ఇది నాలుగో ఇల్లు. ఏ తప్పూ చేయనిదాన్ని నేను సంచి సర్దుకుంటూనే ఉన్నాను, వాడు ఒక్కసారైనా ఇల్లు మారాడా? అమ్మగారూ, ఈసారి మారాల్సింది వాడు. జైలుకి మారమనండి.”

ఆపరేటరమ్మ మేనేజరు మణికట్టు పట్టుకుని ఆపింది. “రద్దు చేస్తే మనకి తెలిసిపోయిందని అతనికి తెలుస్తుంది. రేపు ఇంకో దారి వెతుక్కుంటాడు. ఇంతకాలం చుక్క చూసి నడిచింది అతను కదా, ఇవాళ ఆ చుక్కని మనం నడుపుదాం. ఇన్‌స్పెక్టరుగారూ, కోర్టు వద్దన్నాక మందుల బండి వెంటపడి వచ్చాడంటే మీకు సరిపోతుందా?”

“ఆర్డరు అతని పేరు మీద, కారులో అతను, చేతిలో ఆ చుక్క. నాకింకేం కావాలి?” ఆయన టోపీ పెట్టుకున్నాడు. “మా స్టేషన్ వెనక ఒక సందుంది. ముందు గోడ, పక్కన మా జీపుల షెడ్డు. లోపలికి వచ్చిన కారు తిరగడానికి వీల్లేదు. అక్కడికి రప్పించగలరా?”

బండి నడిపే మనిషి నంబరు మేనేజరు కలిపిచ్చాడు. నలభై దాటిన ఆడమనిషి గొంతు, వెనక హారన్ల మోత. ఇరవై రెండేళ్ళు ఎవరెవరినో కలిపిన ఆపరేటరమ్మకు, ఇంత భయంగా ఏ లైనూ కలిపిన జ్ఞాపకం లేదు.

“అమ్మా, పక్కకి ఆపి విను. నువ్వు తీసుకెళ్తున్న మందు ఒక ఆడపిల్లని పట్టుకోవడానికి ఎర. పంపినవాడు నీ చుక్క చూసుకుంటూ వస్తున్నాడు. నీకు వద్దనిపిస్తే చెప్పు, ఉన్నచోటే ఆగిపో, మేం నీ దగ్గరికి వస్తాం. ఎవరూ నిన్ను ఒక్క మాట అనరు.”

“వద్దనకపోతే?”

“నేను చెప్పే చోటికి నడపాలి. స్టేషన్ వెనక సందులోకి.”

“ఆ పిల్ల ఎవరండీ?”

“అది చెప్పను తల్లీ.”

“చెప్పకండి. చెప్పారంటే మిమ్మల్ని నమ్మేదాన్ని కాదు.” బండి మళ్ళీ కదిలిన చప్పుడు వినబడింది. “ఏ పక్కకి తిరగమంటారు?”

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్‌లో షెడ్డు దగ్గరికి మనుషుల్ని పురమాయిస్తూ మెట్ల వైపు పరిగెత్తాడు. ఆపరేటరమ్మ తెర ముందు నిలబడి ఒక్కొక్క మలుపూ చెప్పింది. చుక్క ఎడమకు తిరిగింది. నర్సు ఇంటివైపు పోయే రోడ్డును వదిలేసి, వంతెన కింద నుంచి పెద్ద రోడ్డెక్కింది. మేనేజరు గమ్యాన్ని ఆ సందుకి మార్చాడు: చేరడానికి తొమ్మిది నిమిషాలు. ఎనిమిది.

బల్ల మీది రెండో ఫోన్లో చెల్లెలి ఊపిరి వినబడుతోంది, కొంచెం పిల్లికూతతో.

“అమ్మగారూ,” అంది బండి మీదావిడ. ఆమె గొంతు తగ్గింది. “తెల్ల కారొకటి నాలుగు మలుపుల నుంచీ నా వెనకే ఉంది. దగ్గరకి వచ్చేస్తోంది. గట్టిగా పోనివ్వనా?”

ఆపరేటరమ్మ చెల్లెలున్న ఫోన్ వైపు ఒకసారి చూసింది.

“వద్దు తల్లీ, నెమ్మదిగానే పోనివ్వు,” అంది. “అతను దారి తప్పకుండా చూసుకో.”